మూడేళ్ల కిందటి తప్పుకు ఇంకెన్నాళ్లు విచారణ?

ప్రశ్న:

నమస్కారం అండీ. మా పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఇద్దరం ఉద్యోగం చేస్తాం. ఒక పాప ఉంది. నాకు మొదటి నుంచీ రూల్ అంటే రూలే. సెలవు రోజుల్లో కుర్రాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా కూడా వెళ్తుంటాను.

మూడేళ్ల కిందట నా భార్య మా జాయింట్ అకౌంట్‌లోంచి వాళ్ల తమ్ముడికి పెద్ద మొత్తం ఇచ్చింది. నాకు చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తుంటే బయటపడింది. అడిగితే, ‘చెబితే నువ్వు ఒప్పుకోవని చెప్పలేదు’ అంది. తర్వాత సారీ చెప్పింది. మా బావమరిది ఏడాది తిరక్కుండానే డబ్బంతా తిరిగి ఇచ్చేశాడు. అయినా అది నా మనసులోంచి పోవడం లేదు. ఏ గొడవ వచ్చినా అదే నోటికొస్తుంది. ఇప్పటికీ నెలనెలా అకౌంట్ చెక్ చేస్తాను. ‘అప్పుడే నీకు రెండుసార్లు చెప్పబోయాను, నువ్వే వినలేదు’ అని ఇప్పుడంటోంది. అలాంటిదేమీ జరగలేదు. నాకు ప్రతి మాటా గుర్తుంది.

ఈ మధ్య టీవీలో మ్యాచ్ చూస్తుంటే, వెంట్రుకవాసి ఆఫ్‌సైడ్ అని ఒక గోల్ రద్దు చేశారు. కరెక్టే చేశారన్నాను. ‘నీకు గీతలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు’ అంది. ఇంటి పని సగం నేనే చేస్తున్నానంటే, పావు వంతు కూడా చేయడం లేదంటుంది. పోయిన వారం, జైల్లో శిక్ష పూర్తి చేసుకుని ఒకతను విడుదలయ్యాడని వార్త వచ్చింది. అలాంటివాళ్లను అసలు వదలకూడదన్నాను. ‘అతనికైనా విడుదల తేదీ ఉంది’ అని లేచి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు.

న్యాయం అడగడం తప్పా? మీరే తీర్పు చెప్పండి.

- ఒక పాఠకుడు

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. ‘అతనికైనా విడుదల తేదీ ఉంది.’ మీరు దాన్ని మిగతా గొడవల్లో ఒకటిగా రాసి ముందుకు వెళ్లిపోయారు. నాకైతే ఉత్తరం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది.

తీర్పు చెప్పమన్నారు. అది నా వల్ల కాదు. ఆవిడ నోటి నుంచి నేనేమీ వినలేదు. మీరు రాసిన ఆవిడ మాటలే నాకు తెలుసు. రెండో పక్షం చెప్పేది వినకుండా ఎవరినీ దోషి అనకూడదన్నది కోర్టుల్లో చాలా పాత సూత్రం. అయితే నా అభిప్రాయం మాత్రం దాచుకోను. మీ ఉత్తరాన్ని బట్టే చూసినా, ఒక విషయంలో మీరు రైటు. ఒక విషయంలో బహుశా ఇద్దరి లెక్కా తప్పుతోంది. అన్నిటికంటే పెద్ద విషయంలో మాత్రం ఆవిడ వైపే న్యాయం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు ఆ ఆఫ్‌సైడ్ సంగతి చూద్దాం. అక్కడ మీ మాటే కరెక్ట్. ఆఫ్‌సైడ్‌లో ‘కొంచెమే కదా’ అనడానికి వీల్లేదు. సాటి ఆటగాడు బంతిని పంపిన క్షణంలో ఇతను గీత దాటి, అంటే బంతి కంటే, చివరి నుంచి రెండో ప్రత్యర్థి ఆటగాడి కంటే గోల్ వైపు ముందుకు వెళ్లి ఉన్నాడా లేదా, అంతే. 2022లో ఖతార్ ప్రపంచకప్‌లో దీనికోసం స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గుర్తించారు. బంతి లోపల ఉన్న సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. వేలెడంత తేడా ఉన్నా గోల్ పోతుంది. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. కానీ రెండు జట్లకూ కొలత ఒకటే కాబట్టి అందులో అన్యాయం లేదు.

అయితే మీరు విజిల్ పట్టుకుని మైదానంలో నిలబడినవారు. ఆటలో ఇలా కొలిచి చెప్పగలిగేవి ఎన్ని ఉంటాయో మీకు బాగా తెలుసు. బంతి గోల్ గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్ చోట ఉన్నాడా... ఇలాంటివి కొన్నే. మిగతాదంతా మనిషి అంచనా. కాలు కావాలనే అడ్డం పెట్టాడా, పరుగులో తగిలిందా? చేతికి బంతి తగిలిందా, బంతికే చెయ్యి అడ్డం పెట్టాడా? అందుకే వీడియో రెఫరీని తెచ్చినప్పుడు రూల్స్ రాసేవాళ్లు ఇలాంటి వాటికి కొలత వేరే పెట్టారు. చూడగానే తెలిసిపోయే స్పష్టమైన పొరపాటు అయితేనే మైదానంలో ఇచ్చిన నిర్ణయాన్ని మార్చాలి. అటూ ఇటూ వాదించగలిగేలా ఉంటే మార్చకూడదు.

ఇంట్లో జరిగేవి దాదాపు అన్నీ ఈ రెండో రకమే. ఆ రోజు ఆవిడ ఎందుకు విసుక్కుంది, మీరు ఎందుకు ముభావంగా ఉన్నారు, ఒక మాట ఏ ఉద్దేశంతో వచ్చింది, వీటికి గీత గీసి చూపించే కెమెరా లేదు. మీరు ఆఫ్‌సైడ్ కొలత తీసుకెళ్లి ఫౌల్ మీద పెడుతున్నారు. గీతలు, మనుషులు అని ఆవిడ అన్నది ఆ గోల్ గురించేనని మీరు అనుకుంటున్నారు. నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మీ భార్య చేసింది తప్పే. ఇద్దరి డబ్బు ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఇచ్చేయడం, నాలుగు నెలలు దాచడం చిన్న సంగతి కాదు. స్టేట్‌మెంట్ చూస్తుంటే ఆ అంకె కనిపించిన క్షణంలో మీ గుండె ఎలా జారిపోయి ఉంటుందో ఊహించగలను. ఆ బాధను ఎవరూ తక్కువ చేయకూడదు, నేనూ చేయను. కానీ ఆ తప్పు తర్వాత ఏం జరిగింది? ఆవిడ ఒప్పుకుంది. సారీ చెప్పింది. డబ్బంతా తిరిగి వచ్చింది. మళ్లీ అలా చేసిందని మీరు ఎక్కడా రాయలేదు. మూడేళ్లుగా నెలనెలా చెక్ చేస్తున్నారు కదా, ఒక్కసారి కూడా ఏమీ దొరకలేదన్నమాట. అయినా విచారణ నడుస్తూనే ఉంది.

ఒకే నేరానికి ఒక మనిషిని రెండోసారి విచారించి శిక్షించకూడదు. భారత రాజ్యాంగంలో 20వ అధికరణం రెండో భాగం చెప్పేది ఇదే. అమెరికా రాజ్యాంగంలో అయిదో సవరణలో కూడా ఈ మాట ఉంది. నేరస్తుల మీద జాలితో పెట్టిన రూల్ అని కొందరు దీన్ని తిట్టుకుంటారు. నేను అలా చూడను. ఒక కేసు ఎప్పటికీ మూసుకోకపోతే అవతలి మనిషి మెడ మీద జీవితాంతం కత్తి వేలాడుతున్నట్టే. అలాంటి మనిషి బాగుపడి ప్రయోజనం ఏమిటి? బాగుపడినా, పడకపోయినా కత్తి అక్కడే ఉంటుంది కదా. బ్రిటన్‌లో 1974లో ఒక చట్టం తెచ్చారు. శిక్ష పూర్తయ్యాక నిర్ణీత కాలం ఇంకో నేరం చేయకుండా ఉంటే, ఆ పాత శిక్ష ‘ఖర్చయిపోయినట్టు’ లెక్క. చాలా ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు దాన్ని చెప్పుకోనవసరం లేదు. మరీ తీవ్రమైన శిక్షలకు ఇది వర్తించదు, పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి. అయినా సూత్రం మాత్రం స్పష్టంగా ఉంది: తప్పుకు తగ్గ శిక్ష ఉండాలి, శిక్షకు ఒక చివర ఉండాలి.

జైలు నుంచి వచ్చిన ఆ మనిషిని వదలకూడదన్నారు. అతను ఏం చేశాడో మీరు రాయలేదు, కాబట్టి అతని గురించి నేనేమీ అనను. బాధితుల కుటుంబం అలా అంటే నేను తలవంచుకుని వింటాను, వాళ్ల కోపానికి గడువు పెట్టే హక్కు నాకు లేదు. కానీ శిక్ష ఎంత అన్నది బాధపడినవాళ్ల చేతిలో పెట్టకుండా కోర్టు చేతిలో ఎందుకు పెట్టారో ఆలోచించండి. దెబ్బ తగిలిన మనిషికి ఏ శిక్షా చాలినట్టు అనిపించదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, నొప్పి స్వభావమే అంత. అందుకే కొలిచే పని నొప్పి లేనివాళ్లకు అప్పగించారు.

ఫుట్‌బాల్‌లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. 2002 ప్రపంచకప్ సెమీఫైనల్లో దక్షిణ కొరియా ఎదురుదాడిని ఆపడానికి జర్మనీ ఆటగాడు మైకేల్ బలాక్ ఫౌల్ చేశాడు. ఎల్లో కార్డ్ పడింది. అంతకుముందే ఒకటి ఉంది కాబట్టి ఫైనల్ ఆడే అవకాశం పోయింది. కొన్ని నిమిషాల తర్వాత అతనే గోల్ కొట్టి జట్టును ఫైనల్‌కు చేర్చాడు, ఫైనల్ రోజు మాత్రం బయట కూర్చోవాల్సి వచ్చింది. ఫౌల్ ఫౌలే, కార్డ్ సరైనదే. కానీ చిన్న తప్పులు పోగుపడి అంత పెద్ద శిక్షగా మారడం సరికాదని తర్వాత చాలామందికి అనిపించింది. 2010 ప్రపంచకప్ నుంచి క్వార్టర్ ఫైనల్స్ అయిపోగానే ఒంటరి ఎల్లో కార్డులను చెరిపేయడం మొదలుపెట్టారు. అంత కఠినమైన ఆటలోనే కార్డులు చెరిగిపోయే రోజు ఒకటి ఉంది.

వీడియో రెఫరీ గురించి కూడా ఒక మాట. ఆ పద్ధతి 2018లో ఆట రూల్స్‌లోకి వచ్చింది. గోల్, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డ్, ఒకరి బదులు ఇంకొకరికి కార్డ్ చూపించడం, ఈ నాలుగింటికే దాన్ని పరిమితం చేశారు. ప్రతి చిన్న తోపులాటనూ వెనక్కి తిప్పి చూస్తే ఆటే మిగలదని వాళ్లకు ముందే తెలుసు. ఇంకో నియమం ఉంది: ఆట తిరిగి మొదలయ్యాక, కొట్టుకోవడం లాంటి కొన్ని తీవ్రమైన సందర్భాల్లో తప్ప, వెనక్కి వెళ్లి చూడటానికి లేదు. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్ మీకు గుర్తుండే ఉంటుంది. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టింది సరైన గోలే. మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు. వీడియో గదిలో ఉన్నవాళ్లేమో మైదానంలో గోల్ ఇచ్చారనుకుని ‘చెక్ పూర్తయింది’ అనేశారు. కొన్ని సెకన్లలోనే పొరపాటు తెలిసింది. అప్పటికే ఆట మొదలైపోయింది. ఇక ఏమీ చేయలేకపోయారు. లివర్‌పూల్ 2-1తో ఓడింది.

ఆ రోజు జరిగింది అన్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. అయినా ఆ నియమం ఉండాలనే అంటాను. తెలిసిన ప్రతి పొరపాటుకూ ఆటను వెనక్కి తిప్పుకుంటూ పోతే ఏ మ్యాచ్ పూర్తవుతుంది? మీ ఇంట్లో ఆట తిరిగి మొదలై మూడేళ్లయింది. పాప పెరుగుతోంది, ఉద్యోగాలు నడుస్తున్నాయి, డబ్బు వెనక్కి వచ్చింది. మీరు మాత్రం ఇంకా తెర ముందు కూర్చుని అదే రీప్లే చూస్తున్నారు. పైగా ఆవిడను కూడా పక్కన కూర్చోబెట్టి చూపిస్తున్నారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ రీప్లే చూసేది మీరు, దెబ్బ తిన్నది మీరు, శిక్ష వేసేది మీరు. 1923లో ఇంగ్లండ్‌లో ఒక చిన్న రోడ్డు ప్రమాదం కేసు నడిచింది. మోటార్‌సైకిల్ నడిపిన వ్యక్తికి కింది కోర్టు శిక్ష వేసింది. ఆ కోర్టులో గుమాస్తాగా కూర్చున్న వ్యక్తి, ప్రమాదంలో అవతలి పక్షం తరఫున పనిచేస్తున్న లాయర్ల సంస్థలో సభ్యుడని తర్వాత తేలింది. న్యాయమూర్తులు లోపల ఆలోచించుకుంటున్నప్పుడు అతనూ వాళ్లతో గదిలోకి వెళ్లాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు, వాళ్లూ అతన్ని ఏమీ అడగలేదు. అయినా పై కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. న్యాయం జరిగితే సరిపోదు, జరిగినట్టు అందరికీ కనిపించాలి అని అప్పటి ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హెవర్ట్ అన్న మాట ఆ కేసులోదే. పక్కన మౌనంగా కూర్చున్నందుకే తీర్పు చెల్లకుండా పోయింది. మరి ఇక్కడ దెబ్బ తిన్న మనిషే తీర్పు రాస్తున్నాడు. మీ జట్టు ఆడే మ్యాచ్‌కు మిమ్మల్నే రెఫరీగా ఉండమంటే మీరు ఒప్పుకుంటారా? మీరు రాసిన దాన్ని బట్టి, మీరే ముందు కుదరదంటారు.

మీకు న్యాయం అడిగే హక్కు లేదని నేను అనడం లేదు. మీకున్న హక్కు బాధితుడి హక్కు. మీరు దాన్ని వదిలేసి జడ్జి కుర్చీలో కూర్చున్నారు. బాధితుడు చేయగలిగింది, జడ్జి చేయలేనిది ఒకటి ఉంది: ‘నాకు ఇక్కడ నొప్పి పుట్టింది’ అని చెప్పుకోవడం. మీరు ఆ పని ఎప్పుడైనా చేశారా? ఉత్తరంలో డబ్బు గురించి ఉంది, స్టేట్‌మెంట్ గురించి ఉంది, ఆవిడ మాటల గురించి ఉంది. ఆ నాలుగు నెలలు పక్కనే పడుకున్న మనిషి మీ దగ్గర ఒక విషయం దాచిందని తెలిసినప్పుడు మీకు ఏమనిపించిందో ఒక్క వాక్యం కూడా లేదు. ఆవిడ సారీ చెప్పింది బహుశా డబ్బు ఇచ్చినందుకు. మీకు కావాల్సిన సారీ దాచినందుకు. అది మీకు అందలేదు కాబట్టే ఆ విషయం మళ్లీ మళ్లీ నోటికొస్తోందని నా అనుమానం.

న్యూజిలాండ్‌లో 1989లో చేసిన చట్టంతో, తప్పు చేసిన పిల్లల విషయంలో కొత్త పద్ధతి వచ్చింది. తప్పు చేసిన కుర్రాడు, అతని కుటుంబం, నష్టపోయిన వ్యక్తి ఒకచోట కూర్చుంటారు. నష్టపోయిన వ్యక్తి తనకేం జరిగిందో చెబుతాడు. కుర్రాడు వింటాడు. దాన్ని సరిదిద్దడానికి ఏం చేయాలో కలిసి తేల్చుకుంటారు. మామూలు కోర్టులో ముద్దాయి ఎక్కువగా లాయర్ మాటే వింటాడు, తన వల్ల ఏడ్చిన మనిషి ముఖం చూడకుండానే కేసు అయిపోవచ్చు. ఇక్కడ ఆ ముఖం ఎదురుగా ఉంటుంది. మీ ఇద్దరి మధ్య మూడేళ్లలో వందసార్లు వాదన జరిగి ఉంటుంది. ఇలా కూర్చోవడం మాత్రం ఒక్కసారి కూడా జరిగినట్టు లేదు.

‘నాకు ప్రతి మాటా గుర్తుంది’ అన్నారు. ఇది చదివి నాకు కొంచెం భయమేసింది. అమెరికాలో రొనాల్డ్ కాటన్ అనే వ్యక్తిని అత్యాచారం కేసులో బాధితురాలు గుర్తుపట్టింది. దాడి జరుగుతున్నప్పుడే ఆ ముఖాన్ని గుర్తుంచుకోవాలని ఆమె పట్టుదలగా చూసింది. కోర్టులో పూర్తి నమ్మకంతో చెప్పింది. అబద్ధం చెప్పాలని ఆమెకు ఏ కోశానా లేదు. కాటన్ పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 1995లో డీఎన్ఏ పరీక్షలో నేరం చేసింది వేరే మనిషని తేలింది. ఆ కేసునూ మీ ఇంటి గొడవనూ ఒక తక్కెడలో పెట్టడం లేదు. ఎంత నిజాయితీ ఉన్నా, ఎంత గట్టిగా నమ్మినా జ్ఞాపకం మనల్ని మోసం చేయగలదని చెప్పడానికే ఇది రాశాను. మీ భార్య రెండుసార్లు చెప్పబోయానంటోంది. ‘తమ్ముడికి కాస్త ఇబ్బందిగా ఉందట’ అని ఆవిడ మొదలుపెట్టి, మీరు ‘మళ్లీనా’ అన్నట్టు చూస్తే ఆగిపోయి ఉండొచ్చు. మీ లెక్కలో అది చెప్పడం కిందకు రాదు. ఆవిడ లెక్కలో వస్తుంది. మూడేళ్ల తర్వాత ఏది నిజమో తేల్చే వీడియో లేదు. అనుమానం ఉన్నప్పుడు దాని ప్రయోజనం ఎవరికి ఇవ్వాలో నేరాల కోర్టులు ఏనాడో తేల్చేశాయి.

ఇక ఆవిడ అప్పుడే చెప్పిన మాట, మీరే రాసిన మాట: ‘చెబితే నువ్వు ఒప్పుకోవని చెప్పలేదు.’ దీన్ని మీరు సాకుగా తీసుకున్నారు. దాచడానికి అది సమర్థన కాదు, ఒప్పుకుంటాను. కానీ అందులో ఒక సమాచారం ఉంది. మీ ఇంట్లో ‘నాకు ఇది కావాలి, నువ్వు వద్దంటావని తెలుసు, అయినా మాట్లాడుకుందాం’ అనే అవకాశం ఆవిడకు కనిపించలేదు. ఎందుకు కనిపించలేదు? కోర్టులో కూడా శిక్ష ఎంత వేయాలో తేల్చేటప్పుడు, ఏ పరిస్థితిలో చేశాడు అని అడుగుతారు. మీరు మూడేళ్లుగా ఏం చేసింది అన్నదే అడుగుతున్నారు. ఒక్క రోజు ఆ రెండో ప్రశ్న అడిగి చూడండి, అదీ వాదించడానికి కాకుండా వినడానికి.

నా జీవితంలో జరిగింది ఒకటి చెబుతాను. నాకు బాగా దగ్గరైన ఒక స్నేహితురాలు, నేను నమ్మి చెప్పిన విషయం ఇంకొకరి దగ్గర చెప్పేసింది. క్షమించమని అడిగింది. క్షమించానన్నాను. కానీ తర్వాత రెండేళ్ల పాటు సందర్భం దొరికినప్పుడల్లా దెప్పిపొడిచాను. ఆమె ప్రతిసారీ తల దించుకునేది. ఒకరోజు ఆమెకు పెద్ద ఆపరేషన్ జరిగిందని మూడో మనిషి ద్వారా తెలిసింది. అప్పుడు అర్థమైంది, ఆమె నాకు ఏమీ చెప్పడం మానేసి చాలాకాలమైందని. ప్రతి మాటా రేపు తన మీదకే సాక్ష్యంగా వస్తుందని భయపడే మనిషి ఎంత తక్కువ చెబితే అంత మంచిదనుకుంటుంది. మీ భార్య ఇప్పుడు సరిగా మాట్లాడటం లేదన్నారు. దాపరికం వద్దని మొదలైన విచారణ, ఆవిడకు దాచుకోవడమే నేర్పుతోందేమో చూసుకోండి.

ఇంటి పని గురించి పెద్దగా రాయను. మైకేల్ రాస్, ఫియోరే సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో, పెళ్లయిన జంటలను విడివిడిగా అడిగారు, ఏ పనిలో మీ వంతు ఎంత అని. భార్య చెప్పిన వాటా, భర్త చెప్పిన వాటా కలిపితే చాలా పనుల్లో నూటికి నూరు దాటిపోయింది. విచిత్రం ఏమిటంటే, గొడవలు మొదలుపెట్టడం లాంటి చెడ్డ పనుల్లో కూడా ఎవరికి వారు తమ వాటా ఎక్కువే చెప్పుకున్నారు. అంటే గొప్పలు పోవడం ఒక్కటే కారణం కాదు. మనం చేసింది మనకు కళ్ల ముందు ఉంటుంది, అవతలివాళ్లు చేసింది సగం మన కంట పడదు. మీరు సగం అంటున్నారు, ఆవిడ పావు అంటోంది. ఒక వారం ఇద్దరూ పనులు మార్చుకోండి. ఆవిడ చేసేవన్నీ మీరు చేయండి. పాపకు ఒంట్లో బాలేదంటే ఎవరు ముందు గమనిస్తారు, ఏ వస్తువు అయిపోవస్తోందో ఎవరు గుర్తుంచుకుంటారు అన్నవి కూడా అందులో ఉండాలి. వారం తర్వాత మీ అంకె మీరే మార్చుకుంటారని నా నమ్మకం.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను.

పాప నిద్రపోయాక ఒక రోజు ఇద్దరూ కూర్చోండి. ముందే చెప్పండి, ఆ విషయం గురించి ఆఖరిసారి మాట్లాడదామని. మీరు మొదట మాట్లాడండి. ‘నువ్వు అలా చేశావు’ అని మొదలుపెట్టకండి. ‘ఆ రోజు నాకు ఇలా అనిపించింది’ అని చెప్పండి. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పండి. తర్వాత ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో తప్పులు దిద్దకండి. తేదీ తప్పు చెప్పినా, వరుస తప్పు చెప్పినా వదిలేయండి. ఆవిడ చెప్పింది మీకు అర్థమైనంతవరకు మీ మాటల్లో తిరిగి చెప్పి, ‘ఇదేనా?’ అని అడగండి. టామ్ టైలర్ అనే పరిశోధకుడు కోర్టులు, పోలీసుల విషయంలో మనుషులు ఏం కోరుకుంటారో చాలాకాలం పరిశీలించాడు. తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినా, తమ మాట విన్నారు, గౌరవంగా చూశారు అనిపిస్తే జనం దాన్ని చాలావరకు ఒప్పుకుంటారని ఆయన చెప్పాడు. ఈ మధ్య ఫుట్‌బాల్‌లో రెఫరీలు వీడియో చూసి వచ్చాక మైకులో కారణం చెబుతున్నారు కదా, 2023 మహిళల ప్రపంచకప్‌లో మనం విన్నాం. కారణం చెప్పినంత మాత్రాన నిర్ణయం మారదు. అయినా స్టేడియంలో ఉన్నవాళ్లకు తమను కూడా మనుషులుగా లెక్కలోకి తీసుకున్నారనిపిస్తుంది.

ఆ తర్వాత డబ్బు గురించి ఒక రూల్ పెట్టుకోండి. రూల్స్ మీకు ఇష్టం కాబట్టి ఇది మీకు కష్టం కాదు. ఇంత మొత్తం దాటితే ఇద్దరూ మాట్లాడుకున్నాకే ఖర్చు పెట్టాలి. ఆ రూల్ ఆవిడకు ఎంతో మీకూ అంతే. మీ వైపు వాళ్లకు ఇచ్చినా సరే. అంతకంటే తక్కువైతే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రోజుతో నెలనెలా ఒంటరిగా చెక్ చేయడం ఆపేయండి. అకౌంట్ చూడాలంటే ఇద్దరూ కలిసి చూడండి.

ఆ బాధ మాత్రం ఒక్కరోజులో పోదు. మళ్లీ గుర్తొస్తుంది. అప్పుడు చెప్పుకోవచ్చు. ‘ఇవాళ ఎందుకో ఆ విషయం గుర్తొచ్చి మనసు బాలేదు’ అనొచ్చు, ఆవిడ పక్కన కూర్చుంటుంది. గిన్నెల దగ్గర గొడవ జరుగుతుంటే ‘నువ్వు ఆ రోజు ఏం చేశావో మర్చిపోయావా’ అనడం మాత్రం ఇక కుదరదు. మొదటిది గాయాన్ని చూపించడం, రెండోది కేసు తిరగదోడటం. ఈ తేడా మీరు పట్టుకోగలిగితే చాలావరకు దారి దొరికినట్టే.

చిన్న చిన్న విషయాల్లో అడ్వాంటేజ్ రూల్ వాడండి. ఫౌల్ జరిగినా, ఆట బాగా సాగుతుంటే మీరు చేతులు ముందుకు చాపి ఆడండి అంటారు కదా. విజిల్ వేస్తే ఫౌల్‌కు గురైన జట్టే నష్టపోతుందని మీకు తెలుసు. ఇంట్లో ఆవిడ విసురుగా అన్న మాటను ఆ క్షణంలో పట్టుకుంటే, ఆ సాయంత్రం నష్టపోయేది మీరు కూడా.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక జాగ్రత్త చెప్పాలి. కేసు మూసేయమని నేను అన్నది ఒకసారి జరిగి, ఒప్పుకుని, సరిదిద్దుకున్న తప్పు గురించి. చెయ్యి చేసుకునే మనిషి, భయపెట్టే మనిషి, పట్టుబడిన ప్రతిసారీ సారీ చెప్పి మళ్లీ అదే చేసే మనిషి విషయంలో ఇది వర్తించదు. అక్కడ తప్పు ఇంకా జరుగుతూనే ఉంది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ముందు క్షేమంగా ఉండే చోటు, నమ్మకమైన మనిషి, అవసరమైతే చట్టం సాయం చూసుకోవాలి. క్షమించడం గురించి తర్వాత ఆలోచించొచ్చు, ఆలోచించకపోయినా తప్పు లేదు.

మీ విషయానికి వస్తే, న్యాయం అడగడం తప్పా అన్నారు. తప్పు కాదు. మూడేళ్ల కిందట మీరు అడిగింది న్యాయమే. ఈ రోజు అడగాల్సిన వంతు ఆవిడది. ఆవిడ అడిగింది కూడా, ఒక్క వాక్యంలో అడిగి లోపలికి వెళ్లిపోయింది.

ఈ ఉత్తరం రాసినట్టు ఆవిడకు తెలియకపోతే తెలియజేయండి. నా సమాధానంతో పాటు మీరు రాసింది కూడా మొత్తం చదవనివ్వండి. మీరు చెప్పింది తప్పుగా ఉందని ఆవిడకు అనిపిస్తే, నాకు రాయమనండి. అది కూడా పూర్తిగా చదువుతాను.